తరుగక్క

బంగారం పని నేర్చుకుంటున్న ఆ రోజుల్లో నా ఒంటి మీద గురిగింజెత్తు బంగారం కూడా ఉండేది కాదు. మిఠాయి దుకాణంలో పనిచేసేవాళ్ళు మిఠాయి ముట్టరంటారు, అది వాళ్ళ ఇష్టం. మా చోట ఇష్టంతో పనిలేదు, గేటు దగ్గరే అన్నీ తీయించేవాళ్ళు. చెవులకు చీపురుపుల్లలు, చేతులకు మట్టిగాజులు, మెడలో మాత్రం ఒకటుండేది. ఈ కథంతా దాని గురించే. మా పాప ఇప్పుడే నిద్రపోయింది. రేపటి నుంచి నేను మళ్ళీ డ్యూటీకి పోవాలి, పాపను మొదటిసారి ఇంట్లో వదిలి. నాకు నిద్ర రాదని తెలిసిపోయింది కాబట్టి ఒక చేత్తో ఊయల తాడు లాగుతూ ఇంకో చేత్తో ఇది రాస్తున్నాను (అక్కడక్కడ అక్షరాలు ఊగితే తప్పు నాది కాదు).

నాకు కెమిస్ట్రీ డిగ్రీ ఉంది. దాంతోపాటు కంగారు కూడా ఉంది. మొదటిది చదివితే వచ్చింది, రెండోది పుట్టుకతో వచ్చింది. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారిలో బస్సు దిగి వెనక్కి వచ్చే రకం మనిషిని. పెళ్ళయి మంఖాల్ వచ్చేనాటికే ఒక బడిలో చేరి మానేశాను, ఒక మందుల కంపెనీలో చేరి మానేశాను. బడిలో మార్కులు తక్కువ వేస్తే పిల్లలు ఏడుస్తారేమోనని ముందు నేనే ఏడ్చేదాన్ని. కంపెనీలో తప్పు చేస్తానేమోనన్న భయంతోనే తప్పులు చేసేదాన్ని. మా ఆయన ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. ఒకసారి ఆయన బండెక్కిన పెద్దమనిషి, శంషాబాద్‌లో బంగారం నాణ్యత పరీక్షించే చోట కొత్తవాళ్ళకు పని నేర్పుతున్నారని, కెమిస్ట్రీ చదివినవాళ్ళు కావాలని ఫోన్లో ఎవరితోనో అంటుంటే విని, ఆయన దిగేటప్పుడు అడ్రసు అడిగి తెచ్చాడు. శిక్షణ చివర ఒక పరీక్ష ఉంటుంది. నెగ్గినవాళ్ళకు అక్కడే ఉద్యోగం, నెగ్గనివాళ్ళు ఇంటికి. ఇది కూడా మానేస్తే ఇక జన్మలో నన్ను నేనే నమ్మనని తెలిసి, ఆ భయంతో చేరాను.

ఇంట్లో అందరికంటే సంబరపడింది మా అత్తమ్మ. నిప్పులో పెట్టి బంగారాన్ని ఎలా పరీక్షిస్తారో నేను చేతులు తిప్పుతూ చెబితే అంతా విని, “పుటం పెట్టుడే గదా బిడ్డా. గింత దానికి డిగ్రీ దాకా ఎందుకు సదివినవ్?” అంది. అనడం అంది గానీ, చీకటిపడే లోపల మా వాడలో గడప గడపకూ పోయి, దేశంలో ఏ బంగారం అసలుదో ఏది నకిలీదో చెప్పే కొలువుకు మా కోడలు పోతోందని చాటి వచ్చింది. ఇక నాకు వెనక్కి తగ్గే దారి లేకుండా పోయింది.

మొదటి రోజే చిక్కు వచ్చింది. గేటు దగ్గరి సెక్యూరిటీ ఆమె నా పుస్తెలతాడు తీయమంది. బయటి బంగారం రవ్వంత లోపలికి పోకూడదు, లోపలిది రవ్వంత బయటికి రాకూడదు, అక్కడి కాయిదా అది. నేను అత్తమ్మకు ఫోన్ చేశాను (మా ఆయనకు కదా చేయాలంటారు, పుస్తెలు కట్టింది ఆయనే గానీ వాటి మీద పెత్తనం ఆమెది). అత్తమ్మ ఫోన్ సెక్యూరిటీ ఆమెకే ఇమ్మని, “పెండ్లయిందా బిడ్డా నీకు?” అని మొదలుపెట్టింది. తర్వాత ఇద్దరూ నన్ను పక్కనపెట్టి మాట్లాడుకున్నారు. ఆమెది జల్‌పల్లి అనీ, ఆమె అత్తకు మోకాళ్ళ నొప్పులనీ, ఆవనూనెలో వెల్లుల్లి వేసి కాచి రాయాలనీ నాకు అప్పుడే తెలిసింది. చివరికి ఒప్పందం కుదిరింది. పుస్తెలను తీగ మార్చడానికి ఇచ్చినప్పుడు ఆడవాళ్ళు ఏం కట్టుకుంటారో నేనూ అదే కట్టుకోవాలి, అంటే పసుపు తాడుకు పసుపు కొమ్ము. కొమ్ముకు మిషన్ మోగదు కదా అని అత్తమ్మ మరీ మరీ అడిగి తెలుసుకుంది. ఆ పూటకు పక్క కిరాణా కొట్లో తాడూ కొమ్మూ కొని కట్టుకున్నాను. మోగలేదు. మెట్టెలకు మోగింది. ఆ గొడవకు లోపలి నుంచి మాకు శిక్షణ ఇచ్చే సార్ వచ్చారు. ఆయనది గోదావరి వైపు, చీమను కూడా ‘అండి’ అని పిలిచే మనిషి. “మెట్టెలు ఉండనివ్వండి. అవి కాళ్ళ దగ్గరుంటాయి, మన పనంతా చేతుల దగ్గర” అన్నారు. ఆ మాట అప్పుడే చెవిన వేసుకుని ఉంటే ఇంత కథ జరిగేది కాదు.

ఆ మరుసటి రోజు నుంచి పొద్దున్నే అత్తమ్మ తన చేత్తో తాడు కట్టేది. మెడలో ఎండు కొమ్ము ఉంటే బాగుండదని రోజూ కొత్తగా పసుపు తడిపి, తాడుకూ కొమ్ముకూ ముద్దగా పట్టించి పంపేది. బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్ళు ఏ వ్రతమని అడిగేవాళ్ళు.

మా పని చెప్పడానికి సులువే. నగ నుంచి చిటికెడు బంగారం తీసి, వెంట్రుక వేసినా బరువు చూపించే తరాజులో తూస్తాం. దానికి కొంత వెండి జతచేసి, సీసం రేకులో పొట్లం కట్టి, ప్రమిద లాంటి చిన్న గిన్నెలో పెట్టి కొలిమిలోకి పంపుతాం. (ఆ గిన్నెను ఎముకల బూడిదతో చేస్తారు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. అత్తమ్మకు అది ఇప్పటికీ మట్టి ప్రమిదే.) సీసం కరిగి, బంగారంలో కలిసిన రాగినీ మిగతా లోహాలనూ వెంటబెట్టుకుని గిన్నెలోకి ఇంకిపోతుంది. ఆఖరి పొర ఇంకే క్షణంలో లోపల ఒక్క మెరుపు మెరుస్తుంది. అది చూడటం కోసమే ఆ వేడిలో నిలబడవచ్చు. మిగిలిన చిన్న గుండును సుత్తితో సాగగొట్టి, చాపలా చుట్టి, యాసిడ్‌లో మరిగిస్తే వెండి కూడా పోతుంది. అప్పుడు చేతికొచ్చేది చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. మాడిన రొట్టె పెచ్చులా ఉంటుంది. దాన్నే ఇంకొక్కసారి వేడి చేస్తే పచ్చగా తిరిగి వస్తుంది. దాన్ని తూచి మొదటి తూకంతో పోలిస్తే అసలు బంగారం ఎంతో తేలుతుంది. నిప్పులోకి పోకముందు ఒక తూకం, వచ్చాక ఒక తూకం, నమ్మకమంతా ఆ రెండింటి మీదే. “నిప్పు అబద్ధం చెప్పదండి. చెబితే మన చెయ్యే చెప్పాలి” అనేవారు సార్.

నా చెయ్యి చెప్పింది. నేర్చుకునేవాళ్ళందరికీ ఒకే రేకు నుంచి కత్తిరించిన ముక్కలిచ్చారు. నగల దుకాణాల్లో నైన్ వన్ సిక్స్ అంటారే, అదే బంగారం. వెయ్యి పాళ్ళలో తొమ్మిది వందల పదహారు పాళ్ళు అసలుది. అందరికీ వెంట్రుక తేడాతో అదే వచ్చింది. నాకు తొమ్మిది వందల పదమూడు వచ్చింది. మళ్ళీ చేశాను, పన్నెండు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తే చెయ్యి కుదరలేదనుకోవచ్చు. నాకు ఎప్పుడూ తక్కువే. నా పక్క బల్ల ఆయనది మామిడిపల్లి, తాతల నాటి నుంచి నగలు చేసే ఇల్లు. నాకంటే పెద్దవాడే, అయినా ఆడవాళ్ళందరినీ అక్కా అనే పిలుస్తాడు. నా కాగితం వైపు మెడ సాచి చూసి, “మా తాత గూడ గింత తరుగు తియ్యలేదక్కా” అన్నాడు. నగ చేసేటప్పుడు రాలిపోయిందని దుకాణంలో లెక్కగట్టే బంగారమే తరుగు. ఆ రోజు నుంచి నా పేరు తరుగక్క. వారం తిరిగేసరికి అది గేటు దాకా పోయింది. సెక్యూరిటీ ఆమె సాయంత్రం నన్ను తడుముతూ, ఇంత బంగారం తగ్గిస్తున్నావు, అది ఏ జేబులోనూ దొరకదేమని మురిపెంగా విసుక్కునేది.

సార్ ఓపికకు దండం పెట్టాలి. నా కొలిమి గది మార్చారు, గిన్నెలు మార్చారు, యాసిడ్ సీసా మార్చారు. చివరికి మామిడిపల్లి ఆయన్ని నా బల్ల దగ్గర, నన్ను ఆయన బల్ల దగ్గర కూర్చోబెట్టారు. తరుగు నా వెంటే వచ్చింది. నేను మాత్రం విమానాలను అనుమానించాను. మా షెడ్డు మీదుగానే అవి దిగుతాయి, దిగినప్పుడల్లా కిటికీ అద్దాలు వణుకుతాయి, మరి తరాజు వణకదా? ఆ మాట ఇంట్లో అంటే మా ఆయన దాన్ని తన పనిగా తీసుకున్నాడు. రోజూ ఎక్కించుకునేదీ దించేదీ విమానాల మనుషులనే కదా. “దుబాయ్‌ది పదకొండింటికి దిగుతది, అప్పుడు తూకం పెట్టకు. ఢిల్లీది లేటుంది, నేను మెసేజ్ పెడత” అనేవాడు. నేను చిమ్టాతో, అంటే సన్న పటకారుతో, బంగారం ముక్క పట్టుకుని చెవులు రిక్కించి, ఆకాశం ఖాళీ అయ్యేదాకా ఆగి, అప్పుడు తూచేదాన్ని. తొమ్మిది వందల పన్నెండు.

ఇంట్లో అత్తమ్మ తన వంతు సాయం తను చేసింది. కోడలికి కలిసి రావడం లేదని తాడుకు ఇంకాస్త పసుపు దట్టించింది. ఆ రోజు తొమ్మిది వందల పదకొండు వచ్చింది. ఆమె పరేషానై మరుసటి రోజు ఇంకా పట్టించింది. ఆ రోజు వచ్చిన అంకె ఇక్కడ రాయను. అదే వారం సార్ నా సీసం పొట్లాన్ని వెలుతురుకు ఎత్తి చూసి ఆశ్చర్యపోయారు. రేకు మీద పచ్చటి మరకలున్నాయి. కొలిమి వేడికి సీసం పచ్చబడటం చూశాను గానీ డబ్బాలోనే పచ్చబడటం ఎప్పుడూ చూడలేదని, అమ్మినవాళ్ళకు ఫోన్ చేసి చీవాట్లు పెట్టారు (‘అండి’ అంటూనే). వాళ్ళు బతిమాలుకుని కొత్త డబ్బా పంపారు. నా చేతిలో అది కూడా పచ్చబడింది.

పరీక్ష రేపనగా మధ్యాహ్నం సార్ నన్ను పిలిచి కూర్చోమన్నారు. ఆయన కోపంగా ఉంటే నాకు సులువుగా ఉండేది. ఆయన బాధగా ఉన్నారు. “మీ శుభ్రత చూశాను, మీ లెక్కలు చూశాను. తప్పెక్కడుందో నాకే అంతుపట్టడం లేదమ్మా. కానీ రేపు కూడా ఇదే వస్తే నేను సంతకం పెట్టలేను. మన అంకెను నమ్మి ఎవరో పిల్ల పెళ్ళికి నగ కొనుక్కుంటారు” అన్నారు. అందులో కాదనడానికేమీ లేదు. పరికరాలన్నీ శుభ్రంగా కడిగి రేపటికి సర్దుకోమన్నారు. నేను తల ఊపి, చిమ్టా పట్టుకుని కడుక్కునే తొట్టి దగ్గరికి పోయాను. అసలు పోయింది ఏడవడానికి. కడగడం ఒక సాకు. అత్తమ్మ వాడంతా చాటిన కొలువు, మా ఆయన కాపలా కాసిన విమానాలు, మూడోసారి కూడా మూటా ముల్లె సర్దుకోవడం, అన్నీ కళ్ళ ముందు తిరుగుతుంటే చిమ్టాకు సబ్బు రాసి రుద్దుతున్నాను. తొట్టిలో నురగ ఎర్రగా పారింది.

చెయ్యి తెగిందనుకున్నాను. నా సంగతి మీకు ఈపాటికి తెలుసు కదా. నెత్తురు చూడగానే దవాఖాన దాకా ఆలోచించేశాను. పది వేళ్ళూ తిప్పి తిప్పి చూసుకున్నాను. ఎక్కడా గీత లేదు. కానీ వేళ్ళ కొసలు పచ్చగా ఉన్నాయి, సబ్బు తగిలిన చోట ఎర్రగా ఉన్నాయి. చిమ్టా కొనలు కూడా అంతే. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుందని తెలిసి, మా ఇంట్లో పెళ్ళిళ్ళకు గిన్నెలు గిన్నెలు కలిపినదాన్ని నేను. డిగ్రీ మొదటి ఏడాది రికార్డులో పసుపు కాగితం బొమ్మ గీసి, సబ్బునీళ్ళకు అది ఎర్రబడే తీరు రంగు పెన్సిళ్ళతో దిద్ది, లెక్చరర్ దగ్గర ‘బాగుంది’ రాయించుకున్నదాన్ని. ఆ నేనే తొట్టి ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాను. నా చెయ్యి మెల్లగా మెడ దగ్గరికి పోయింది. అది పోయిన దారిని బట్టి నాకు మొత్తం అర్థమైంది.

ప్రతి తూకానికీ ముందు నేను కొమ్మును గుప్పిట్లో పట్టుకుని, కళ్ళకద్దుకుని, తల్లీ ఈసారైనా సరిగా రానీ అని మొక్కుకునేదాన్ని. తర్వాత, సార్ నేర్పినట్టే, చిమ్టా కొనలను శుభ్రంగా తుడిచేదాన్ని, ఆ వేళ్ళతోనే. ఆ చిమ్టాతోనే బంగారాన్ని పట్టుకుని తరాజులో పెట్టేదాన్ని. తడి పసుపు ముక్కకు అంటుకునేది, తరాజు దాన్నీ బంగారమనే తూచేది, కొలిమి దాన్ని కాల్చేసేది. వచ్చాక తూస్తే తరుగు. అంకె తగ్గేకొద్దీ నేను ఇంకా గట్టిగా మొక్కేదాన్ని, అత్తమ్మ ఇంకా మందంగా పట్టించేది.

సార్‌తో చెప్పాను. ఆయన ఒక బంగారం ముక్క ఇచ్చి, రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి, ఏదీ వదలకండి అన్నారు. మొక్కాను, తుడిచాను, తూచాను. ఆయన ఆ ముక్కను దీపం మంట మీద చూపించి, చల్లారనిచ్చి, మళ్ళీ తూచారు. బరువు తగ్గింది. మామిడిపల్లి ఆయన అప్పటికే నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

“అమ్మా, ప్రతిసారీ దండం పెట్టుకున్నాకే తూచారా?”

“అవును సార్.”

“భయం ఎక్కువైతే ఇంకా గట్టిగా పట్టుకునేవారా?”

“అవును సార్.”

ఆయన తరాజు పళ్ళెం తుడిచారు. “ఇన్నేళ్ళలో బంగారం తూచాను, వెండి తూచాను. మనిషి భయాన్ని మిల్లీగ్రాముల్లో తూచింది ఇవాళేనండి” అన్నారు. అని, సీసం అమ్మినవాళ్ళకు క్షమాపణ చెప్పడానికి ఫోన్ తీశారు.

ఇంటికి పోయి అత్తమ్మకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఆమె చేత్తో పట్టించిన పసుపు అది. అన్నం పెడుతుంటే నసుగుతూ నసుగుతూ చెప్పాను. ఆమె గరిటెతో నా మెడలోని కొమ్మును చూపించింది. “అంటె నా పసుపే నీ కొలువుకు అడ్డం పడ్డదా?” అంది. కాదు అత్తమ్మా, నా చెయ్యే అడ్డం పడిందని అన్నాను. ఆమె గరిటె గిన్నెలో పెట్టి, లోపలికి పోయి, ఒక ఎండు కొమ్ము ఏరి, పాత జాకెట్ గుడ్డతో గోరంత సంచి కుట్టి అందులో పెట్టి, దారం తెంపింది. “ఇగ చూడు బిడ్డా, గేటు కాడనే మొక్కుకో. ఎంతసేపు మొక్కుతవో మొక్కు. లోపటికి పోయినంక నీ చేతులకు పనుంటది, వాటిని దేవుని కాడికి తోలకు” అంది. సంచి ముందుకు జారకుండా వీపు వైపు వేలాడేలా కట్టింది.

మరుసటి రోజు గేటు బయట ఎంతసేపు మొక్కానో తెలియదు. సెక్యూరిటీ ఆమె చివరికి, “అక్కా, గేటు తెరిచే ఉన్నది, లోపట గర్భగుడి లేదు, రా” అంది. చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాను. తరాజు ముందు కూర్చోగానే ఎడమ చెయ్యి తనంతట తానే మెడ దగ్గరికి లేచింది, అక్కడ ఏమీ దొరకక గాలిలో ఆగింది. దాన్ని తెచ్చి తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చున్నాను. మీద నుంచి ఏదో విమానం దిగింది. ఏ దేశానిదో కనుక్కోలేదు. కొలిమిలో మెరుపు మెరిసింది, యాసిడ్‌లోంచి మాడిన పెచ్చు వచ్చింది, నిప్పు తగలగానే పచ్చబడింది. రెండో తూకం వేసి లెక్క కట్టాను. కట్టినదాన్ని నమ్మక కాగితాన్ని సార్ వైపు తోశాను. ఆయన గట్టిగా చదివారు. తొమ్మిది వందల పదహారు. దాని వెనక ఒక చిన్న పాయింటు కూడా ఉంది, దాన్ని ఆయన రాగం తీసి మరీ చదివారు. పక్క బల్ల నుంచి మామిడిపల్లి ఆయన, “ఖతం, తరుగు బందాయె. ఇగ అక్కను ఏమని పిలువాలె?” అని దిగులుపడ్డాడు. పాత పేరే ఉంచేశారు. ఇప్పుడు నేను కొత్తవాళ్ళకు చిమ్టా తుడవడం నేర్పుతాను, వాళ్ళు కూడా నన్ను తరుగక్కా అనే పిలుస్తారు, ఎందుకో తెలియకపోయినా.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, ఈ సాయంత్రం అత్తమ్మ నా పుస్తెలు తీసి మళ్ళీ కొమ్ము కట్టింది. పొద్దున పాప హడావిడిలో మర్చిపోతానట. గోరంత సంచి పెట్టెలో ఎక్కడో ఉంది, తెల్లారి వెతుకుతానంది. ఈ పూటకు తడి పసుపే. పాపకు సీసా పాలు పడతాయో లేదో, నా కోసం ఏడుస్తుందో, లేక ఏడవకుండా ఉంటుందో (అది ఇంకా కష్టం), ఆలోచించినప్పుడల్లా లేచి ఊయలలోకి వంగి బుగ్గ తాకి చూస్తున్నాను. కడుక్కునే తొట్టి ముందు నోరు తెరుచుకుని నిలబడ్డ అప్పటి నన్ను తలుచుకుని ఇప్పటిదాకా నవ్వుకుంటూ రాశాను. ఇప్పుడు ఊయలలోకి ఫోన్ లైటు వేసి చూస్తే పాప రెండు బుగ్గల నిండా నా వేలిముద్రలు, పచ్చగా.

తుడవబోయి ఆగాను. పొద్దున అత్తమ్మ సబ్బు రాసి స్నానం చేయిస్తుంది. బుగ్గలు ఎర్రబడతాయి. ఇంకేం, ఆ ముద్రలను బట్టి నేనెన్నిసార్లు లేచానో లెక్కపెట్టుకుని, నేను గేటు దాటే లోపే ఫోన్ చేస్తుంది.